జనార్దనయ్యగారి ఆఖరి రీలు

ఉదయగిరి పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు పదవికి పోటీ చేయడం తమకు సుతరామూ ఇష్టం లేదనీ, ప్రజలు కాళ్ళావేళ్ళా పడి బలవంతపెట్టడం వల్లనే ఒప్పుకోవలసి వచ్చిందనీ, ఆ ప్రజలెవరో విచారించి త్వరలోనే తెలియజేస్తామనీ శ్రీ జనార్దనయ్యగారు ఒక ప్రకటన అచ్చువేయించి ఊరంతా పంచారు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. నేను ఎస్సెల్సీ తప్పి ఇంట్లో ఉన్నాను కాబట్టి ప్రజాసేవను దగ్గరనుంచి చూసే తీరిక నాకు పుష్కలంగా ఉండేది. ఆ మహనీయుడు ప్రజల హృదయాలను ఎలా జయించాడో కళ్ళారా చూసినవాణ్ణి గనక, పత్రికా పాఠకుల మేలు కోరి ఇది రాస్తున్నాను.

జనార్దనయ్యగారికి పొలాలున్నాయి, జరీ కండువా ఉంది, మంచినీళ్ళు తాగకుండా పూటంతా మాట్లాడగల గొంతు ఉంది. లేనిదల్లా వినేవాళ్ళు. మొదటి మీటింగు బస్సులు ఆగేచోట పెట్టారు. జనం బాగానే కనిపించారు గానీ నెల్లూరు బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయారు. మిగిలింది మైకు సెట్టు మనిషీ, అయ్యగారి పాలేర్లూ. రెండో మీటింగు కొండ కింద పెట్టారు. అక్కడ మేకలు చాలా శ్రద్ధగా విన్నాయి. కాపరికి మాత్రం రాజకీయ చైతన్యం లేకపోవడంతో మధ్యలోనే వాటిని తోలుకుపోయాడు.

పోటీగా నిలబడిన రోశయ్య అసలు మీటింగులే పెట్టలేదు. ఇంటింటికీ తిరిగి, "నన్ను గెలిపిస్తే ఊళ్ళో రెండు మంచినీళ్ళ బావులు తవ్విస్తా" అనేవాడు. ఆ మాట తప్ప రెండో మాట రాదు. ఇంత నాసిరకం ప్రచారం మా తాలూకాలో అంతకు ముందు ఎవరూ ఎరగరు. అయినా మా అవ్వ నాగులమ్మ తన ఓటు రోశయ్యకే అని తేల్చి చెప్పింది. మంచినీళ్ళ కోసం తెల్లారకముందే లేచి బిందె చంకనెత్తుకుని పోయే మనిషి. ఆమె ఆలోచన అంతకంటే పైకి పోలేదు.

ఇక్కడ హుసేనయ్య డేరా టాకీసు సంగతి చెప్పాలి. ఇప్పుడు ఆ డేరా ఎక్కడుండేదని అడిగితే చూపించేవాళ్ళు కూడా తక్కువే. స్వాతంత్ర్యం వచ్చిన ఏడో మరుసటి ఏడో అది మొదటిసారి మా ఊరు వచ్చింది. అప్పటికి మేము పిలకాయలం. పొద్దుగుంకే వేళ డేరా గుంజకు కట్టిన లౌడ్‌స్పీకరులో రికార్డు మొదలైతే ఇళ్ళల్లో అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. నేల టిక్కెట్టు కొని లోపలికి ఉరికి, ఇసక కుప్పగా పోసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం. ముందువాడు ఎత్తు పెంచితే వెనకవాడు ఇంకాస్త పెంచేవాడు. ఆట మొదలయ్యేసరికి ప్రతివాడూ ఒక దిబ్బ మీద, ప్రతి దిబ్బ వెనకా ఒక తగాదా. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య తడిక. ఆ తడిక అవతలనుంచి మా అవ్వ, "అబ్బయ్యా, ఆమె ఏడస్తా ఉండాదే, ఎందుకురా?" అని కేకేసి అడిగేది. నేను నోరు తెరిచేలోగా డేరా అంతా జవాబు చెప్పేది. తర్వాత మద్రాసులో ఫాన్లు తిరిగే పెద్దపెద్ద హాళ్ళలో పిక్చర్లు చూశాను. ఆ ఇసక మీద కూర్చుని చూసిన హాయి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

హుసేనయ్య దగ్గర ప్రొజెక్టరు ఒకటే. ఒక రీలు అయిపోగానే లైటు వేసి, దాన్ని తీసి, ఇంకొకటి ఎక్కించేవాడు. ఆ కాసేపట్లో జనం బీడీలు ముట్టించేవాళ్ళు, వేరుశెనక్కాయలు ఒలుచుకునేవాళ్ళు, తర్వాత ఏమవుతుందో పందేలు కాసేవాళ్ళు. లేచి మాత్రం పోరు. లేస్తే దిబ్బ ఇంకొకడు ఆక్రమిస్తాడు.

ఇంతమంది ఒకచోట కూర్చుని, కదలలేక, చేయడానికి పని లేక ఉన్నారన్న సంగతి అన్నేళ్ళుగా ఏ నాయకుడికీ తట్టలేదు. జనార్దనయ్యగారికి తట్టింది. ఒకనాటి సాయంత్రం ఆయన నేరుగా మిషను గదికి వెళ్ళారు.

"హుసేనయ్యా, రీలు మార్చేదానికి ఎంతసేపు పడతాది నీకు?"

"ఎంతసేపయ్యా. బీడీ తాగేంతసేపు."

"చుట్ట తాగేంతసేపు చెయ్యి."

ఆనాటినుంచి రీలు రీలుకూ మధ్య తెర ముందు జనార్దనయ్యగారు ప్రత్యక్షమయ్యేవారు. హీరోయిన్ నూతిలో దూకబోతున్న సమయంలో లైటు వెలిగేది. "సోదర సోదరీమణులారా, పారిశుద్ధ్యం మన జన్మహక్కు" అని ఆయన అందుకునేవారు. చప్పట్లు మారుమోగేవి. అవి ఆయన దిగిపోయినప్పుడు కొట్టిన చప్పట్లే. కానీ చప్పట్లు చప్పట్లే కదా. తమ మీటింగులకు డేరా పట్టనంత జనం వస్తున్నారనీ, టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తున్నారనీ, దేశంలో ఏ నాయకుడికీ ఇంతటి గౌరవం దక్కలేదనీ ఆయన ఇంకొక ప్రకటన వేయించారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఎన్నికలు దగ్గరపడినప్పుడు డేరాకు కొత్త పిక్చరు వచ్చింది. కథ చిన్నది. ఒక తల్లి తిరునాళ్ళలో నాలుగేళ్ళ కొడుకును పోగొట్టుకుంటుంది. పిక్చరు పొడుగునా వెతుకుతూనే ఉంటుంది. ఆమె పొలం కాజేసిన కామందు, కౌలుదార్లు, గయ్యాళి అత్త, అందరూ ఉన్నారు.

మా ఇంట్లో ఈ కథ కొత్త కాదు. మా నాయనకు ఒక అన్న ఉండేవాడు, పేరు పెంచలయ్య. పెంచలకోన తిరునాళ్ళలో అవ్వ కొంగు వదిలిపెట్టాడు. అంతే. ఊళ్ళన్నీ తిరిగారు, దొరకలేదు. అవ్వ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడేది కాదు. పిక్చరు చూస్తూ ఎప్పుడూ కేకేసి అడిగే మనిషి ఆ రాత్రి తడిక అవతలనుంచి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆమె గొంతు వినపడకపోయేసరికి నాకు పిక్చరు మీద మనసు నిలవలేదు.

ఆఖరి రీలుకు ముందు జనార్దనయ్యగారు గ్రామ స్వరాజ్యం గురించి మాట్లాడారు. స్వరాజ్యం ఎంతకీ రాకపోగా డేరాకు కరెంటిచ్చే ఇంజనులో ఆయిలు అయిపోయింది. డేరా చీకటయింది. జనం గోల చేస్తే, రేపు రండి అన్నాడు హుసేనయ్య. మర్నాడు ఆ జనమంతా మళ్ళీ టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు. దుత్తలూరునుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. వచ్చిన జనాన్ని జనార్దనయ్యగారు తెర పక్కనుంచి చాలాసేపు చూశారు. చూసి, ఆనాడు కూడా ఆయిలు అయిపోయేదాకా మాట్లాడారు.

మూడోనాడు ఆఖరి రీలు డబ్బా ఆయన ఇంటికి చేరింది. దుష్టశక్తుల బారినుంచి కాపాడటం కోసం దాన్ని దేవుడి గూట్లో పెట్టి, కుంకుమబొట్టు పెట్టి, గుమ్మం దగ్గర ఒక పాలేరును కూర్చోబెట్టారు. "ఎన్నికలు ముగిసి ధర్మం గెలిచిన రాత్రి ఆఖరి రీలు ప్రజలకు అంకితం చేయబడును" అని టముకు వేయించారు. హుసేనయ్య మాత్రం టిక్కెట్లు చింపుతూ కూర్చున్నాడు. ఆఖరి రీలు లేకపోయినా రోజూ డేరా నిండుతుంటే ఆయనకు పోయేదేముంది?

చిక్కల్లా రాజమోహన్ అనే కుర్రవాడితో వచ్చింది. వాడు నెల్లూరులో చదువుకుంటూ ఈ పిక్చరు ఆసాంతం చూసి వచ్చాడు. ఆ సంగతి తెలియగానే ఊళ్ళో వాడికి ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది. ఒక ఇంట్లో దోసెలు, ఒక ఇంట్లో కోడికూర. వాడు నోరు తెరవబోయే సమయానికి జనార్దనయ్యగారు కబురంపి వాణ్ణి ప్రచార కార్యదర్శిగా నియమించారు. అంతటితో వాడు ప్రచారం మానేశాడు.

ఇక జనం నేరుగా అభ్యర్థి ఇంటికే రాసాగారు. ఆయన ఎవరినీ నొప్పించలేదు. ఆ వసారాలో నేను కూర్చుని విన్నదే చెబుతున్నాను. భూస్వాములు వచ్చి అడిగితే, ఆఖరి రీల్లో పొలం మొత్తం హక్కుదారుకే దక్కుతుందన్నారు. వాళ్ళు అటు పోగానే కౌలుదార్లు వచ్చారు. పొలం దున్నేవాళ్ళకే పంచేస్తారన్నారు. అత్తలకు కోడలు కాళ్ళమీద పడుతుందన్నారు, కోడళ్ళకు అత్తకు పక్షవాతం వస్తుందన్నారు. మా ఊళ్ళో చెక్క గరిటెలు చెక్కి బతికేవాళ్ళు వస్తే ఒక్క క్షణం ఆలోచించి, ఆ పిల్లవాడు పెద్దవాడై గరిటెలు చెక్కుతూ కనిపిస్తాడని హామీ ఇచ్చారు. అందరూ సంతోషంగా వెళ్ళారు.

అందరూ పోయాక మా అవ్వ మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏందవ్వా, ఇట్టా వచ్చినావు?"

"ఏం లేదు నాయనా. ఆ పిలకాయ దొరకతాడా?"

"దొరకతాడు."

"బతికే ఉంటాడా?"

"నేను ప్రెసిడెంటునైతే బతికే ఉంటాడు. ఓటు మాత్రం మరిచిపోబాక."

అవ్వ రెండు చేతులూ ఎత్తి ఆయనకు దణ్ణం పెట్టింది. వసారాలో కూర్చున్న నేను లేచి నిలబడ్డాను. అది ఆయన పట్ల భక్తే అయివుంటుంది.

ఆ మర్నాడు రోశయ్య మా ఇంటికి వస్తే అవ్వ ఆయన్ను కూడా అదే అడిగింది.

"నాకు తెలీదమ్మా" అన్నాడు రోశయ్య. "నేను సినిమా చూళ్ళా. బావి మాత్రం ఖాయంగా తవ్విస్తా."

ఇంత బాధ్యత లేని మనిషికి ఊరు ఓటెలా వేస్తుంది? వేయలేదు. జనార్దనయ్యగారు బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచారు.

విజయోత్సవం రాత్రి డేరాకు నాలుగు వైపులా గుడ్డలు పైకి కట్టేశారు. ఆఖరి రీలు డబ్బాను మేళతాళాలతో ఊరేగించి తెచ్చారు. పూలదండ వేసుకున్నది డబ్బాయా, ప్రెసిడెంటుగారా అంటే ఇద్దరూ. భూస్వాములు కుర్చీల్లో, కౌలుదార్లు నేల మీద, అత్తలూ కోడళ్ళూ తడిక అవతల, ఎవరి ముగింపు కోసం వాళ్ళు కూర్చున్నారు. మా అవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చింది. మిషను తిరిగింది.

ఆ తల్లి ముసలిదైంది. జుట్టు నెరిసింది. మళ్ళీ అదే తిరునాళ్ళకు వచ్చింది. రంగులరాట్నం దగ్గర, బొమ్మల అంగళ్ళ దగ్గర, కనిపించిన ప్రతి కుర్రవాడి మొహంలోకీ తొంగి చూసుకుంటూ నడిచింది. నడిచి నడిచి జనంలో కలిసిపోయింది. శుభం అని పడింది.

పొలం ఎవరికీ రాలేదు. పక్షవాతం ఎవరికీ రాలేదు. గరిటె అన్నది ఎక్కడా కనపడలేదు. లైటు వెలిగింది. డేరాలో ఎవరూ బీడీ ముట్టించలేదు. అందరి చూపులూ ప్రెసిడెంటుగారి మీదికి తిరిగాయి. ఆయన కూడా పిక్చరు అప్పుడే మొదటిసారి చూస్తున్నారని ఆ మొహం చూస్తే తెలిసిపోయింది. కానీ నాయకుడు నాయకుడే. లేచి నిలబడి కండువా సర్దుకున్నారు.

"సోదర సోదరీమణులారా, చూశారా ఈ అన్యాయం? ఈ పిక్చరు పాత బోర్డు హయాంలో తీసింది. మేము అధికారంలోకి వచ్చింది ఈ పూట. ఒక్క పూటలో పిల్లవాణ్ణి వెతికి తెమ్మంటే ఎలా? మాకు వ్యవధి ఇవ్వండి. వచ్చే ఎన్నికల నాటికి ఆ బిడ్డను తల్లి ఒడిలో పెట్టే పూచీ నాది."

రాజమోహన్ చప్పట్లు మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. తర్వాత వాణ్ణి నేను పక్కకు పిలిచి, "ముందే చెప్పి ఉండచ్చు గదరా" అన్నాను. "చెప్పాలనే అనుకున్నానన్నా, పదవి అడ్డమొచ్చింది" అన్నాడు.

కొత్త బోర్డు మొదటి తీర్మానంలోనే ఆ ముగింపును తీవ్రంగా ఖండించింది. పిల్లవాడి ఆచూకీ తీయడానికి రాజమోహన్ నాయకత్వంలో ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ బోర్డు ఖర్చు మీద మద్రాసు వెళ్ళి, సముద్రం ఒడ్డున కూడా వెతికి, పని సంతృప్తికరంగా సాగుతున్నదని తెలియజేసింది. రెండో తీర్మానం ప్రకారం, ప్రజల మనసులను గాయపరిచినందుకు హుసేనయ్యకు పంచాయతీ స్థలం ఖాళీ చేయమని నోటీసు వెళ్ళింది. ఆయన గుంజలు పెరికి, గుడ్డలు చుట్టి, ప్రొజెక్టరు బండికెత్తి ఆత్మకూరు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు అక్కడ రేకుల కప్పుతో పక్కా హాలు లేచింది. డేరా అక్కడ కూడా నిలవలేదు. తర్వాత ఏమైందో నాకు తెలియదు. మా ఊళ్ళో డేరా ఉన్న చోట బోర్డు ఆఫీసు కట్టారు. పునాదులకు ఇసక బయటనుంచి తేవలసిన పని లేకపోయింది. బావులకు మాత్రం నిధులు చాలలేదు.

మళ్ళీ ఎన్నికలు వచ్చేసరికి అవ్వకు రెండు కళ్ళకూ పొరలు కమ్మి చూపు పోయింది. నీళ్ళు మా అమ్మ మోసేది. మళ్ళీ రోశయ్య, మళ్ళీ జనార్దనయ్యగారు. ఆ రోజుల్లో పోటీదారుకొక పెట్టె పెట్టేవారు, ఇష్టమైనవారి పెట్టెలో చీటీ వేయాలి. చూపు లేని మనిషని ఆఫీసరు అవ్వకు తోడుగా నన్ను కూడా లోపలికి పోనిచ్చాడు.

"అవ్వా, ఈసారన్నా రోశయ్యకెయ్యి. అమ్మ నీళ్ళు మొయ్యలేకుండా ఉండాది" అని చెవిలో చెప్పాను.

"నీళ్ళదేముందిరా" అంది అవ్వ, చీటీని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని. "యాడనుంచో మోసుకొచ్చుకుంటాం. పిలకాయ ఇంకా దొరకలా గదా. జనార్దనయ్య పెట్టె యాడుండాదో చెయ్యి పట్టి చూపీ."

నేను చూపించాను.