మూడో అంతస్తుకు వరద హెచ్చరిక

"డ్యాము నిండిపోతుందేమో!"

నేను ఈ మాట పైకి అన్నప్పుడు ఆకాశంలో అరచేయంత మబ్బు కూడా లేదు. జూన్ మొదటి వారం. డ్యాము ఎప్పుడు నిండుతుందా అని బెంగుళూరంతా మొక్కుకుంటా ఉంటే, నిండుతుందేమో అని భయపడింది నేనొక్కదాన్నే. మా అమ్మాయి అనూష లాప్‌టాప్ మీంచి తలెత్తి, "నీళ్ళు లేవని నిన్ననే కదమ్మా ఏడ్చినావు" అంది.

ఏడ్చినాను. తల్లికి రెండూ భయమే. లేకపోతే ఎట్లా అని ఒకటి, వచ్చేస్తే ఎట్లా అని ఇంకొకటి.

అయితే నేను చెప్పబోయేది భయం గురించి కాదు, ఒక గొప్ప మేలు గురించి. డ్యాము గేట్లు ఎత్తేటప్పుడు మన ఫోన్లకు హెచ్చరిక మెసేజ్ వస్తుంది చూడండి, ఈ కాలంలో అంతకు మించిన వరం లేదు. ఏ డ్యామో చెప్పను. కావేరి మీద ఉంది, అంతే. పేరు చెప్తే వాళ్ళు నొచ్చుకుంటారు.

నేనుండేది కుందలహళ్ళిలో, మూడో అంతస్తులో. నది ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైమాటే. అయినా నన్ను మరిచిపోరు. "నదీతీర ప్రజలు పశువులతో సహా ఎత్తైన ప్రాంతాలకు తరలిపోవలెను" అని వస్తుంది. పోయినసారి అది వచ్చినప్పుడు మా కొళాయిలో గాలి తప్ప ఏమీ రావడం లేదు. ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టుకొని, వరద జాగ్రత్త అని చదువుకున్నాను. ఇంతకన్నా భద్రత ఎక్కడుంటుంది? పైన ఉండే కమలమ్మగారికీ వచ్చింది. ఆమెకు పశువులు లేవు, పిల్లి ఉండాది. దాన్నే చంకలో పెట్టుకొని డాబా ఎక్కింది.

మరి ఒడ్డున ఉండేవాళ్ళకు? వాళ్ళకు రాదు. మెసేజ్ రావాలంటే యాప్‌లో పేరు ఎక్కించుకోవాల. ఒడ్డున ఉండేవాళ్ళు నారు వేస్తారు గానీ యాప్‌లు వేసుకోరు. పాపం, వాళ్ళ ప్రశాంతత ఎందుకు చెడగొట్టడం? సైరన్ స్తంభం కూడా ఒకటి ఉందంట. ఎవరో దానికి ఎద్దును కట్టేస్తా ఉంటారంట. ఎద్దు అరిస్తే మాత్రం అందరికీ వినిపిస్తుంది.

చదువుకూ మేలే. ఏడో క్లాసుతో ఆపేసిన నాకు క్యూసెక్కు అంటే ఏమిటో ఈ మెసేజ్‌లే నేర్పినాయి. సెకనుకు రెండు బిందెలు! అట్లాంటివి ఎనభై వేలు వదులుతున్నారని చదివి, మా ఖాళీ బిందె వైపు చూసుకున్నాను. లెక్క బాగా అర్థమయింది.

డ్యాము అంచుదాకా నిండేవరకు చుక్క వదలరెందుకు అని కొందరు అడుగుతారు. వాళ్ళకు ఆచారం తెలీదు. నిండిన కావేరమ్మకు పెద్దలు వచ్చి చేటలో పసుపు కుంకుమ గాజులు పెట్టి బాగినం, అదే మన వాయనం, ఇవ్వాల. సగం నిండిన డ్యాముకు బాగినం ఇస్తే ఫోటో ఏం బాగుంటుంది? చేట నీళ్ళలో పడినాక ఒకేసారి గేట్లన్నీ ఎత్తేస్తే సరి. నేనూ పాలు అట్లనే కాస్తాను. పొంగి స్టవ్ మీద పడినాకే గ్యాస్ ఆపుతాను. ముందే మంట తగ్గించడం పిరికితనం కదా!

ఇంక నా బాధ చెప్తాను. మా తమ్ముడు కృష్ణప్ప.

అమ్మ పోయినాక నేనే ఎత్తుకొని పెంచినోడు. మాది చింతామణి పక్క. బోరు వెయ్యి అడుగులు దాటినా మట్టే వచ్చే ఊరు. అక్కడ విసిగిపోయి, కావేరి ఒడ్డున రెండెకరాలు కౌలుకు తీసుకొని అరటి వేసినాడు. మా ఊర్లో నీళ్ళు తగ్గే కొద్దీ మోటారు ఇంకా కిందికి దించుకుంటా పోవడమే తెలుసు. మోటారును పైకి ఎత్తాల్సిన రోజు ఒకటి వస్తుందని మా వంశంలో ఎవరూ వినలేదు. వీడు పోయి మోటారును నీళ్ళ అంచులో బిగించి, దాని పక్కనే రేకుల షెడ్డు వేసుకొని, మధ్యాన్నం భోజనం కాగానే అందులోనే పడుకుంటాడు.

మెసేజ్ వచ్చినప్పుడల్లా నేను ఫోన్ చేస్తా వచ్చినాను. పదకొండుసార్లు మోటారు ఎత్తించినాను. పదకొండుసార్లూ నీళ్ళు షెడ్డుదాకా రాలేదు. పన్నెండోసారి మా మరదలు మునిలక్ష్మి, "వదినా, నది కంటే ముందు నీ ఫోనే పొంగుతా ఉండాది" అంది. ఆ తర్వాత నా నంబరు చూస్తే వాళ్ళు ఎత్తడం మానేసినారు.

పోయిన గురువారం, పొద్దున పదింటికి, మళ్ళీ మెసేజ్. ఈసారి లక్షా పది వేలు. తమ్ముడికి పందొమ్మిదిసార్లు చేసినాను. మోగింది, మోగింది, ఆగింది. మెసేజ్ అడుగున ఉన్న కంట్రోల్ రూమ్ నంబరుకు చేసినాను. అరగంటకు ఒకాయన ఎత్తినాడు. మా తమ్ముడి ఊరి పేరు, నంబరు చెప్పి, ఈరోజు షెడ్డులో పడుకోనియ్యకండప్పా అని బతిమాలినాను.

"ఎంత వదిలినారమ్మా?" అని అడిగినాడు.

నన్ను పరీక్ష చేస్తున్నాడనుకొని మెసేజ్ అంతా చదివి వినిపించినాను.

"కొంచెం మెల్లగా చదవమ్మా, రాసుకుంటా ఉండాను" అన్నాడు.

తర్వాత సాయంత్రం నాలుగుదాకా అన్నం ముట్టలేదు. అనూష కూడా ఆఫీసు మీటింగు మధ్యలో లేచివచ్చి నా పక్కనే కూర్చుంది. నాలుగుంపావుకు తమ్ముడు ఎత్తినాడు. వెనకాల నీళ్ళ హోరు.

"షెడ్డు పోయిందక్కా. మోటారు ఎత్తేసినాం. నేనూ మునిలక్ష్మీ గట్టు మీద ఉండాము. డ్యాము ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, సమయానికి."

"నేను చేస్తే ఎత్తవు. వాళ్ళు చేస్తే ఎత్తినావా?"

"నీది భయం అక్కా. వాళ్ళది సమాచారం."

"వాళ్ళకు ఎవరు చెప్పినారంట?"

   

తమ్ముడు మెల్లగా అన్నాడు. "బెంగుళూర్లో ఎవరో ఒకామె అంట. ఆమె మళ్ళీ చేస్తే వెంటనే ఎత్తాలని, నంబరు ఆఫీసు గోడ మీద రాసిపెట్టుకున్నారంట."