ఓడిపోయే ఉద్యోగం

ఒక పెద్ద అడవిలో సింహం ఉండేదని మొదలుపెడితే మీకు అలవాటు గనక హాయిగా ఉంటుంది. కానీ ఈ అడవిలో సింహం లేదు, సెల్ టవర్ ఉంది. టవర్ వచ్చిన దగ్గర్నుంచి జంతువులన్నీ ఫోన్లలో మూడు నిమిషాల చదరంగానికి అలవాటుపడ్డాయి. పులి వేట మానేసింది. దుప్పి మేత మరిచిపోయింది. "ఈ ఒక్క ఆటా ఆడి లేస్తా" అన్నవాళ్లు లేవడం ఎవరూ చూడలేదు.

ఆడటమే గానీ ఎవరి ఆటా బాగుపడలేదు. పొద్దున ఎక్కిన పాయింట్లు సాయంత్రానికి దిగిపోయేవి. పక్క అడవివాళ్ల రేటింగులు మెరుగ్గా ఉన్నాయని ఎవరో చెవిన వేసేసరికి, అడవి సభకి ప్రెసిడెంటైన ఏనుగుకి తల కొట్టేసినట్టయింది. వెంటనే సభ పెట్టింది.

"అభివృద్ధి లేని అడవి అడవే కాదు!" అంటూ తొండం ఎత్తింది. "వానలు పడేలోగా ప్రతి జంతువూ నూరు పాయింట్లు పెరగాలి. పెరిగినవాళ్లకి వాగు ఒడ్డున చోటు. పెరగనివాళ్లు రాళ్లగుట్టకి పోవాలి. ఇదే తీర్మానం."

చప్పట్లు బ్రహ్మాండంగా పడ్డాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ఎలుగుబంటి. దాని రాజు చెక్‌లో ఉన్నా అది గమనించేది కాదు గానీ, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో బాగా తెలుసు.

కొన్నాళ్లు గడిచాయి. సభకి సెక్రటరీ నక్క. అది ఏనుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అయ్యా, ఓ చిక్కొచ్చింది. ఈ పాయింట్లు పైనుంచి ఊడిపడవు. ఒకరికి రావాలంటే ఇంకొకరికి పోవాలి. అందరూ పెరగడం కుదరదు."

"మరెలా? నేను మాటిచ్చేశాను."

"అందరి చేతుల్లోనూ ఓడిపోవడానికి ఒకరిని ఉద్యోగంలో పెట్టుకుంటే సరి."

ఏనుగు చెవులు ఊపింది. "దానికి శిక్షణ విభాగం అని పేరు పెట్టు."

అలా రాళ్లగుట్ట మీద కాపురముండే సూరాలు అనే కుందేలుకి ఉద్యోగం వచ్చింది. సూరాలు ఆట అంతంతమాత్రం, నోరు మాత్రం పెద్దది. ఓడిన ప్రతిసారీ ఫోన్నీ, నెట్‌వర్క్‌నీ, ఎదుటివాళ్ల వంశాన్నీ కలిపి తిట్టేది.

"ఓడిపోతే నాకేమిస్తారు?" అని అడిగింది.

"అందరూ నూరు పెరిగిన రోజున వాగు ఒడ్డున గరిక మేసే చోటు నీదేనమ్మా" అంది నక్క.

సూరాలు వెంటనే ఒప్పేసుకుంది. ఆ ఎండలకి గుట్ట మీద పచ్చిపరక లేదు. పిల్లలు రాళ్ల సందుల్లో ఎండుగడ్డి నమిలి, దాహం దాహం అంటూనే నిద్రపోతున్నారు. వాళ్లని వాగు ఒడ్డుకి చేర్చడానికి ఓడిపోవడమేం ఖర్మ, ఆ ఎలుగుబంటికి పాలాభిషేకం చెయ్యమన్నా చేసేది.

తీరా దిగాక తెలిసింది, ఓడిపోవడం ఎంత కష్టమో. ఏనుగుతో మొదటి ఆటలో మొదటి ఎత్తుకే ఓటమి ఒప్పేసుకుంది. ఏనుగు చిన్నబుచ్చుకుంది.

"ఇదేం ఓటమమ్మా? నాకు గెలిచినట్టే లేదు. కాస్త పోరాడి ఓడు. ఇంకో మాట. నాతో ఆడేటప్పుడు ఏనుగుల్ని చంపకు, చూడటానికి బాగుండదు."

ఎలుగుబంటితో ఇంకో అవస్థ. సూరాలు తన రాజుని ఒక్క ఎత్తులో చచ్చే చోట నిలబెట్టినా, అది ఏదో పక్క బంటుని జరిపి తేనెపట్టు వైపు చూసేది. కాబట్టి అది ఏ ఎత్తు వేసినా తన రాజు చచ్చేలా సూరాలే ఏర్పాటు చెయ్యాల్సి వచ్చేది. తాబేలైతే ఒక్కో ఎత్తుకి నిమిషం ఆలోచించేది. దాని టైం అయ్యేలోపు తన టైం అయిపోగొట్టుకోవడానికి సూరాలు ప్రాణం తోకలోకి వచ్చేది.

ఓడాలంటే, గెలిచే ఎత్తేదో ముందు కనిపెట్టాలి. కనిపెట్టి, అది వెయ్యకుండా చెయ్యి వెనక్కి లాక్కోవాలి. ఎదుటివాళ్లు ఏ తప్పు చెయ్యబోతున్నారో వాళ్లకంటే ముందే చూసి, ఆ తప్పు చెయ్యనివ్వకుండా కాపు కాయాలి. ఇదంతా మూడు నిమిషాల్లో.

"అమ్మా, నువ్వు గెలిచేస్తున్నావ్!" అని పిల్లలు ఎగిరేవాళ్లు.

"నోరు ముయ్యండి, నన్ను పని చేసుకోనివ్వండి" అని కసిరేది సూరాలు.

అడవి అభివృద్ధి చెందింది. ఎలుగుబంటి 'మెరుపులా ఆలోచించడం ఎలా' అని క్లాసులు మొదలుపెట్టింది. తాబేలు అందులో అసిస్టెంటుగా చేరింది. సూరాలు రేటింగు మాత్రం సున్నాకి కిందికి కూడా వెళ్లింది. అలా వెళ్లడానికి వీలుగా నక్క ఆటలోనే ఏర్పాటు చేయించింది.

ఆకాశం మబ్బు పట్టిన రోజున సభ కూడింది. సూరాలు పిల్లల్ని వెంటబెట్టుకుని, మూటాముల్లె సర్దుకుని వచ్చింది.

"అయ్యా, నా గరికచోటు చూపిస్తే పోతాను."

నక్క దగ్గింది. "తీర్మానంలో ప్రతి జంతువూ అని ఉందమ్మా. అందరూ పెరిగారు, ఒక్క నువ్వే తగ్గావు. లక్ష్యం నీ మూలానే ఆగిపోయింది."

"నేను పడితేనే కదయ్యా మీరంతా లేచింది!"

"ఆవేశం వద్దు" అంది ఏనుగు. "వెనకబడినవాళ్లని వదిలేసే సభ కాదిది. వాన ఇంకా పడలేదుగా. నువ్వూ నూరు పెరుగు. అవకాశం అందరికీ సమానమే."

"నా క్లాసుకి రా" అంది ఎలుగుబంటి. "నీకు ఫీజులో రాయితీ ఇస్తాలే."

సూరాలుకి ఒళ్లు మండిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ అవి ఏడుపువి కావు. పిల్లల్ని మూట మీద కూర్చోబెట్టి అక్కడికక్కడే ఫోన్ తీసింది.

"సరేనండీ, పెరుగుతాను. ముందు ఎవరొస్తారు?"

ఊరికే వచ్చే కొసరు పాయింట్లు ఎవరికి చేదు? ఎలుగుబంటి ఎగబడి కూర్చుంది. రెండో నిమిషం తిరక్కముందే దాని రాజు మూలన పడి ఉన్నాడు.

"నెట్‌వర్క్ పోయింది" అంది ఎలుగుబంటి. "ఇంకొక్క ఆట!"

అట్టడుగున ఉన్నవాళ్ల చేతిలో ఓడితే పాయింట్లు దోసిళ్లకొద్దీ పోతాయి. ఆ ఆట పద్ధతే అంత. ఎలుగుబంటి వరసగా పోగొట్టుకుంది. తాబేలు ఆలోచిస్తూనే ఓడిపోయింది. చివరికి ఏనుగు అందర్నీ పక్కకి తోసి కూర్చుంది. సూరాలు ముందు ఒక ఏనుగుని చంపింది, తర్వాత రెండోదాన్ని చంపింది, ఆపైన తీరిగ్గా మంత్రిని తీసింది.

"ఏనుగుల్ని చంపొద్దని చెప్పానా లేదా!"

"అది ఉద్యోగంలో ఉన్నప్పుడండీ. ఇప్పుడు నేను అభివృద్ధి చెందుతున్నాను."

అక్కడితో ఆపినా ఏనుగు పరువు కొంత మిగిలేది. కానీ ఓడిన కోపంలో ఆపగలిగినవాళ్లు ఆ అడవిలో లేరు. "ఇంకొక్క ఆట", "ఇదే ఆఖరు", "అమ్మతోడు ఇదే ఆఖరు" అంటూ తొక్కిసలాడారు. "అయ్యా, లేవండి, మునిగిపోతున్నాం" అని నక్క అందరి చెవుల్లోనూ మొత్తుకుంది. ఎవరూ లేవకపోయేసరికి, ఒక్క ఆటలో తనే సరిదిద్దేద్దామని అదీ కూర్చుంది.

ఏనుగు ఫోన్ మీద మొదటి చినుకు పడేసరికి లెక్క తేలిపోయింది. అడవి మొత్తంలో నూరు పెరిగింది ఒక్క సూరాలు. మిగతావాళ్లంతా మొదట ఉన్నచోటికంటే కింద ఉన్నారు.

తీర్మానం కొట్టేద్దామని ఏనుగు గొణిగింది. కానీ అభివృద్ధి తీర్మానాన్ని కొట్టేసుకున్నారని పక్క అడవిలో తెలిస్తే నవ్విపోతారు. ఆ సిగ్గు కంటే రాళ్లే నయమనిపించింది. సభ సభంతా తలలు వంచుకుని వానలో గుట్ట ఎక్కింది.

సూరాలు పిల్లలు తడి గరికలో దొర్లి దొర్లి, వెక్కిళ్లు వచ్చేదాకా మేశారు. వాళ్లని చూస్తూ సూరాలు ఇన్నాళ్లకి కడుపారా ఏడ్చింది. అంతలో గుట్ట మీదినుంచి ఏనుగు గొంతు గట్టిగా వినిపించింది.

"సూరాలూ! ఒక్కటే, ఇంకొక్క ఆట!"

నీతి: ఓడిపోవడానికి పెట్టుకున్నవాళ్లని బాగుపడమని ఎప్పుడూ బలవంతపెట్టకండి.