ఆకాశంలో సుంకమ్మ చేను

ఎద్దులగుండుపల్లె కొండ మీద గాలి ఉందని బ్యాంకుకు రుజువు చేయడానికి సుంకమ్మ తన మూడెకరాల చేనును చేటతో ఆకాశంలోకి తూర్పారబట్టింది. దీనికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. అప్పు పుట్టాలంటే ఏదో ఒకటి చూపించాలి, చూపించడానికి ఆమె దగ్గరున్నది చేనొక్కటే. పైగా ఊరంతా తిరణాలలా ఉన్న రోజులవి. కాబట్టి ఈ సంగతి ఉత్సాహంగానే చెప్పుకోవాలి.

ఎద్దులగుండుపల్లెలో గాలి లేదని అంతవరకు ఎవరూ అనలేదు. అక్కడ కోళ్లు పక్కవాటంగా నడుస్తాయి. పెళ్లి పందిరి వేస్తే ముహూర్తం వేళకు అది పక్క ఊళ్లో ఉంటుంది. ఆ ఊరివాళ్లు మర్యాదస్తులు కనుక మడిచి తెచ్చి ఇచ్చిపోతారు. అయితే బ్యాంకు కోళ్ల మాట మీద అప్పివ్వదు. ఒక కంపెనీ వచ్చి ఆ కొండ పొడవునా గాలిమరలు పెడతామంది. అందుకు కోట్లు కావాలి, ఆ కోట్లు ఇచ్చే బ్యాంకుకు గాలి కాగితం మీద కనపడాలి. ఈ ఏటి గాలి ఒక్కటి చూపిస్తే చాలదు. పదేళ్లలో తొమ్మిదేళ్లు తప్పకుండా వీచే గాలి ఎంతో తేల్చి చెప్పాలి. మిగిలిన ఆ ఒక్క ఏడాదినీ బ్యాంకు దేవుడికి వదిలేస్తుంది.

ఆ మరల్లో ఒకటి సుంకమ్మ చేనులో నిలబడాల్సి ఉంది. దానికి ఏటేటా కౌలు ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. సుంకమ్మకూ ఆమె మొగుడు కుళ్ళాయప్పకూ పెళ్లయిన నాటినుంచి ఒకటే కోరిక. ఇంకొకరి చేలో కూలికి వంగకూడదు. తమ మూడెకరాల్లో కొర్రలు వేసుకుంటే సగం ఏడాదికి తిండి వస్తుంది, మిగతా సగం కాలువ కింది ఊళ్లకు పోయి వంగాల్సిందే. మర నిలబడితే ఆ బాధ తీరుతుంది. కుళ్ళాయప్ప ఎంత నమ్మకం పెట్టుకున్నాడంటే, కూలి పనికి పిలిచే మేస్త్రీ నంబరును ఫోనులోంచి తీసేశాడు.

గాలిని కొలవడానికి మామూలుగా పొడుగాటి ఇనప స్తంభం పాతుతారు. కంపెనీకి అంత ఓపిక లేదు. భార్గవ్ అనే ఇంజినీరు హైదరాబాదు నుంచి ఒక తెల్లపెట్టె తెచ్చి సుంకమ్మ కళ్లం పక్కన దించాడు. దాని పేరు లైడార్. అది నేల మీదే కూర్చుని, కంటికి కనపడని వెలుగును పైకి వదులుతుంది. ఆ వెలుగు గాలిలోని ధూళికి తగిలి వెనక్కి వచ్చి, ధూళి ఎంత జోరుగా పోతోందో చెబుతుంది. ధూళి జోరే గాలి జోరు. ఆ పెట్టె అంటే భార్గవ్‌కు ప్రాణం, దాని గురించి చెప్పేటప్పుడు మనిషి ఒక్కచోట నిలబడలేడు. ఊరికి కూడా అది తెగ నచ్చింది. పెట్టెకు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, పసుపునీళ్లు కూడా పోయబోతే భార్గవ్ కాళ్లావేళ్లా పడి ఆపాడు.

తర్వాత వాన పడింది. వానకు గాలిలోని ధూళి కడుక్కుపోయింది. వెలుగు దేనికీ తగల్లేదు, వెనక్కి రాలేదు, భార్గవ్ ల్యాప్‌టాప్ తెర మీద ఖాళీ గడులు వచ్చాయి. అదే సమయంలో కొండ గాలి భార్గవ్ గుడారాన్ని పీకి ముళ్లకంప మీద ఆరేసింది. బ్యాంకు తరఫున గాలి లెక్కలు చూసే వాసంతి మేడమ్ చెన్నై నుంచి ఫోన్ చేసింది.

“ఈ వారం మీ కొండ మీద గాలి లేదు,” అంది.

“ఉంది మేడమ్. నేను రాయి పట్టుకుని మాట్లాడుతున్నాను.”

“మీకు ఉండొచ్చు. నివేదికలో లేదు. ఖాళీ గడుల మీద మేము అప్పివ్వం.”

భార్గవ్ నీరసపడి ఈ మాట సుంకమ్మకు చెప్పాడు. ఆమె కొంగు పళ్లతో పట్టుకుని విన్నది.

“గాలి ల్యాకపోవడమేంది సారూ? నీ టోపీ ఇప్పుడే గదా పాయె.”

“టోపీ లెక్కలోకి రాదమ్మా. ధూళి రావాలి.”

రెండు మంచి ఎండలు కాశాక సుంకమ్మ కళ్లంలో కొర్రలు తూర్పారబట్టింది. చేట తల మీదికెత్తి వంచితే గింజ కాళ్ల దగ్గర రాలింది, పొట్టూ దుమ్మూ లేచి పెట్టె మీదుగా కొండకెక్కాయి. తెర మీద ఖాళీ గడులు ఒక్కొక్కటే నిండడం మొదలైంది. భార్గవ్ గంతులు వేశాడు. సుంకమ్మ చేతులు పట్టుకుని, ఆమె ఇబ్బందిపడితే వదిలేసి, కుళ్ళాయప్పను కావలించుకున్నాడు. వాసంతి మేడమ్ మళ్లీ ఫోన్ చేసి, ఇప్పుడు మీ ఊళ్లో చాలా మంచి గాలి వీస్తోంది, దీన్ని ఆపకండి అంది.

ఆపలేదు. సుంకమ్మ పొట్టు అయిపోతే ఊరివాళ్లు తమ ఇళ్లలోని పొట్టు మూటలు గట్టి తెచ్చారు. వేరుశనగ తొక్కు దంచి తెచ్చారు, పొయ్యి బూడిద తెచ్చారు. పొద్దున్నే కళ్లం దగ్గర వరుస కట్టి, ఎవరి ధూళి ఎంత ఎత్తు ఎక్కిందో భార్గవ్ చెబుతుంటే ఈలలు వేసేవాళ్లు. రెండు వీధుల మధ్య పోటీ పుట్టింది. నూరు మీటర్లు ఎక్కిన ఇంటివాళ్లు కొన్నాళ్లు అరవై మీటర్ల వాళ్లతో సరిగా మాట్లాడలేదు. ఇన్నేళ్లుగా కళ్లలో పడుతున్న దుమ్మునే ఇప్పుడు చెన్నైలో ఒక చదువుకున్న మనిషి కూర్చుని చూస్తోందంటే ఎవరికి సంతోషంగా ఉండదు?

ఇళ్లలోని పొట్టు కూడా అయిపోయింది. అప్పుడు మన్ను మొదలుపెట్టారు. పెట్టె మీదుగా లేవాలంటే దాని పక్కనున్న మన్నే లేవాలి, దాని పక్కనున్నది సుంకమ్మ చేను. ఆమె సంతోషంగా మొదటి చేట తనే ఎత్తింది. ఎర్రమన్ను పొట్టు కన్నా బాగా పనిచేసింది. తెర మీద గాలి రంగులు రంగులుగా, పొరలు పొరలుగా వచ్చింది. ఇంత శుభ్రమైన గాలిని తన ఉద్యోగంలో చూడలేదని వాసంతి మేడమ్ రాసి పంపింది. భార్గవ్ దాన్ని గట్టిగా చదివి వినిపించాడు.

ఆ ఊరి కళ్లాలకు ఒక పద్ధతి ఉంది. తూర్పారబట్టేటప్పుడు చాలు అనకూడదు, అయిపోయింది అనకూడదు, అంటే పంట అక్కడితో ఆగిపోతుందని భయం. పని ఆపాలంటే చేను గలవాళ్లు కాళ్ల దగ్గరి కుప్పను చూసి రాశి నిండింది అనాలి. సుంకమ్మ మాటిమాటికీ కాళ్ల దగ్గర చూసుకునేది. మన్నులో గింజ ఉండదు, కుప్ప ఏర్పడలేదు, పోసిందంతా పైకే పోయింది. నిండని రాశిని నిండిందని ఆమె ఏ నోటితో అంటుంది? భార్గవ్‌కు ఈ పద్ధతి తెలియదు. వాళ్ల మన్ను వాళ్లిష్టం, చాలనుకున్నప్పుడు వాళ్లే చెబుతారులే అని మర్యాదగా ఎదురుచూశాడు. ఎంత కావాలో అంత అయ్యాక సారే చెబుతాడని సుంకమ్మ ఎదురుచూసింది. మధ్యమధ్యలో ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లు.

కుళ్ళాయప్పకు ఒకసారి అనుమానం వచ్చింది. “మే, చేను పల్చబడతాండాది సూడు,” అన్నాడు.

“పడనీలే. మర నిలబడ్డానికి కింద బండ గట్టిగా తగిలితే మంచిదంట,” అంది సుంకమ్మ. ఆ రోజు ఆమె ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది.

కొర్రల కోత నాడు మోకాలి లోతు మన్నున్న చేను, మామిడికాయల కాలానికి చీలమండ లోతుకు వచ్చింది. ఆ తర్వాత బండ కనపడింది, నల్లగా, నున్నగా, తుడిచిపెట్టినట్టు. అప్పటికి తెర మీద ఒక్క ఖాళీ గడి లేదు. బ్యాంకు అప్పు మంజూరు చేసింది. ఊళ్లో డప్పులు మోగాయి, భార్గవ్‌ను భుజాల మీద ఊరేగించారు, కంపెనీ వాళ్లు ఇంటింటికీ మైసూర్‌పాకు పంచారు. సుంకమ్మ చీర కొంగు నడుముకు చుట్టి డప్పుల ముందు ఆడింది. ఆమె ఆడగా చూడటం కుళ్ళాయప్పకు అదే మొదటిసారి.

మర్నాడు సర్వేయరు వచ్చాడు. గొలుసు పరిచి బండను కొలిచాడు. ఆ తర్వాత తల పైకెత్తి చాలాసేపు చూశాడు, నోట్లో పడిన దుమ్ము ఉమ్మేసి చల్లగా చెప్పాడు.

“నీ సర్వే నంబరు నూరు మీటర్ల ఎత్తున ఉండాదమ్మా. తూర్పుకు కదుల్తాండాది కూడా.”

“మరి మర యాడ పెడతారు సార్?”

“ఈ బండ మీదే.”

“కౌలు?”

“నీ పట్టా మన్నుకు. బండ సర్కారుది, కౌలు సర్కారుకు పోతాది.”

సుంకమ్మ బండ మీద చతికిలబడి అరచేతులు నేలకు ఆనించి చూసుకుంది. భార్గవ్‌కు కూడా నిజంగానే బాధ కలిగింది. అతను పరుగెత్తుకెళ్లి నివేదిక తెచ్చి, అందులో ఎర్రటి పట్టీలా ఉన్న చోటు చూపించి, ఇదేనమ్మా మీ చేను, బ్యాంకులో పెద్దవాళ్లంతా దీన్ని చూసే సంతకాలు పెట్టారు అన్నాడు. సర్వేయరు కూడా వంగి చూసి, బాగా వచ్చింది ఫోటో అన్నాడు. ఊరివాళ్లు ఒకరి మీద ఒకరు పడి చూశారు, సుంకమ్మ చేను ఎంత ఎత్తుకు పోయిందో చూడండని పిల్లలకు చూపించారు. కాసేపటికి ఆమెకూ కొంచెం గర్వంగానే అనిపించింది.

మర నిలబడింది, తిరిగింది. ఆ ఏడు కొర్రలు వేయడానికి చోటు లేదు. కుళ్ళాయప్ప పక్కింటికి వెళ్లి మేస్త్రీ నంబరు అడిగి మళ్లీ ఎక్కించుకున్నాడు. మేస్త్రీ ఇద్దరినీ ఆటోలో ఎక్కించి తూర్పున కాలువ కింద ఒక ఆసామి మడిలో దించాడు. అక్కడ వేరుశనగ ఏపుగా ఉంది. కొత్తగా ఎక్కడినుంచో ఎర్రమన్ను వచ్చి పడిందని, పంటతో పాటు కలుపు కూడా తెగ బలిసిందని, ఇంకా చాలా రోజులు కూలి దొరుకుతుందని ఆటోలోని ఆడవాళ్లంతా సంబరపడ్డారు.

కుళ్ళాయప్ప గడ్డి పీకి, వేళ్లకు అంటిన మన్ను నలిపి వాసన చూశాడు.

“మే, మనదే,” అన్నాడు.

“మెల్లగా అనయ్యా,” అంది సుంకమ్మ కలుపు తీస్తూనే. “సొంత చేలో పనికి కూలేందని ఆసామి కోసేస్తాడు.”