టోల్ లేని దారిలో పెళ్లివారు

బయల్దేరే రోజు ఉదయం సాల్స్‌బరీలోని తన వంటింట్లో క్లెమెంట్ ఒట్టవే బల్ల మీద ఫ్రాన్సు పటం పరిచి, మూలలు లేవకుండా టీ కప్పులు పెట్టి, శాసనం చదివినట్టు ప్రయాణం వివరాలు చదివాడు. లోకంలో మనుషులు రెండే రకాలని ఆయన నమ్మకం. టోల్ కట్టేవాళ్లు, దారులు తెలిసినవాళ్లు. మోటార్‌హోమ్ అనే చక్రాల ఇల్లు కొన్ననాటి నుంచీ ఆయన ఒక్క టోల్ గేటు కూడా దాటలేదు. తన సమాధి రాయి మీద ఆ ఒక్క ముక్క చెక్కిస్తే చాలని ఇంట్లో చెప్పి ఉంచాడు కూడా.

"డోవర్ నుంచి వెళ్తే అడుగడుక్కీ గేటే. సాన్ మాలో ఓడ మంచిదే గానీ నిండిపోయింది."

"చలికాలమంతా ఏ ఓడా అని ఆలోచిస్తూ కూర్చుంటే నిండదా మరి?" అంది భార్య డోరీన్, రొట్టెకి వెన్న రాస్తూ.

"అందుకే పోర్ట్స్‌మత్ నుంచి కాన్‌కి రాత్రి ఓడ. పొద్దున్నే దిగుతాం. అక్కణ్ణించి ఆంజే దాకా అన్నీ చిన్న రోడ్లే. ఒక్క గేటు తగిలిందా, నా పేరు మార్చుకుంటా."

"నీ పేరుతో నాకేం పని? రేపు నాలుగింటికి పెళ్లి. అప్పటికి నన్ను అక్కడ దించు, చాలు."

డోరీన్ గొంతులో కోపం లేదు, భయముంది. చెల్లెలు మేవిస్ మొదటి పెళ్లికి కూడా క్లెమెంట్ ఆమెను టోల్ లేని దారిలోనే తీసుకెళ్లాడు. వాళ్లు చేరేసరికి పళ్లెంలో కేకు పొడే మిగిలింది. అప్పటి నుంచీ అక్కాచెల్లెళ్లకి మాటల్లేవు. ఆ భర్త పోయాక, అరవై దాటిన వయసులో మేవిస్ ఆంజే దగ్గర ఒక ద్రాక్షతోట ఆసామిని చేసుకుంటూ తనే ఫోన్ చేసింది. "సాక్షి సంతకం నువ్వే పెట్టాలక్కా. ఈసారీ రాకపోతే ఇక నాకు అక్క లేదనుకుంటా," అంది. ఫోన్ పెట్టేశాక డోరీన్ చాలాసేపు ఏడ్చింది.

ముప్పు ఓడ మీదే మొదలైంది. టీ కొట్టు దగ్గర క్లెమెంట్ మళ్లీ పటం విప్పాడు. పక్క బల్ల దగ్గర హెరాల్డ్ అక్రాయిడ్ అనే పెద్దమనిషి, ఆయన భార్య కూర్చున్నారు. వాళ్లదీ మోటార్‌హోమే.

"దారంతా టోల్ లేకుండానా?" అన్నాడు హెరాల్డ్ నోరు తెరిచి.

క్లెమెంట్‌కి అంతకంటే ఏం కావాలి? ఒక్కో మలుపూ విప్పి చెప్పాడు. చెప్పి చెప్పి గొంతెండిపోయాక, పటం మడుస్తూ మర్యాదకి ఒక మాట అన్నాడు. "మీరు తప్పకుండా మాతో రావాలి."

మా దక్షిణాది ఇంగ్లండులో ఆ మాటకి అర్థం, ఇక మీరు దయచేయండి అని. భోజనానికి రావాలి అన్నా అదే అర్థం. ఎవరూ వెళ్లరు, వెళ్తే అక్కడ వండి ఉండదు. ఇది మాకు ఒకరు నేర్పక్కర్లేదు. కానీ హెరాల్డ్‌ది ఉత్తరాదిలోని యార్క్‌షైర్. అక్కడ రమ్మంటే రమ్మనే, పొమ్మంటే పొమ్మనే.

"వస్తాం," అన్నాడు హెరాల్డ్.

తెల్లారి ఓడ దిగగానే ఆయన బండి వచ్చి క్లెమెంట్ బండి వెనక అంటుకుంది. ఒక బండి వెనక ఇంకో బండి కనిపిస్తే ఇంగ్లీషువాడి కంటికి అది వరస. వరస కనిపిస్తే వెళ్లి వెనక నిలబడకుండా ఉండటం మా జాతికి చేతకాదు. అది దేనికోసమని అడగడం మరీ అమర్యాద. రేవు దాటేలోపు మూడో మోటార్‌హోమ్ చేరింది, పెట్రోలు బంకు దగ్గర మరో రెండు. అచ్చం గొర్రెదాటు. మధ్యాహ్నానికి తొమ్మిది తెల్లటి మోటార్‌హోమ్‌లు గోధుమ చేల మధ్య చిన్న రోడ్డు మీద ఊరేగింపుగా పోతున్నాయి.

"వెనక ఎవరు అంతమంది?" అంది డోరీన్ అద్దంలో చూసి.

"నా దారి మీద నమ్మకం ఉన్నవాళ్లు," అన్నాడు క్లెమెంట్. అలా అంటూండగానే ఒక మలుపు తప్పాడు.

"ఆపి పటం చూసుకోవచ్చుగా?"

"ఇంతమంది చూస్తుండగానా?"

ముందు కనిపించిన గుండ్రటి కూడలి దగ్గర ఆలోచించుకోవడానికి ఆయన రెండు చుట్లు తిరిగాడు. తొమ్మిది బండ్లూ తిరిగాయి. మూడో చుట్టుకి క్లెమెంట్ తొమ్మిదో బండి వెనక పడ్డాడు. కాసేపు ఎవరు ఎవరి వెనక పోతున్నారో ఎవరికీ తెలియలేదు. చివరికి ఆయన భరించలేక దొరికిన రోడ్డులోకి తిప్పేశాడు. అది తిన్నగా ఒక ఊరి మధ్యకి తీసుకెళ్లింది. అక్కడ బ్యాండు మోగుతోంది.

ఇంగ్లండులో ఆ ఊరితో స్నేహం కలుపుకున్న జంట ఊరు ఒకటుంది. అక్కడి అతిథులు ఆ రోజే రావాలి. వాళ్ల బస్సు ఇంకా రాలేదు, తొమ్మిది ఇంగ్లీషు బండ్లు వచ్చాయి. మేయరు పరుగున వచ్చి, బండి దిగిన క్లెమెంట్‌ని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు.

"మేం వాళ్లం కాదని చెప్పు," అంది డోరీన్ మొగుడి చెవిలో.

"బ్యాండు వాయిస్తుంటే మధ్యలో ఎలా చెప్పను?"

బ్యాండు ఆగింది. మేయరు ఉపన్యాసం మొదలైంది.

"ఇప్పుడు చెప్పు."

"పాపం, కాగితం చూడకుండా మాట్లాడుతున్నాడు. ఎలా ఆపమంటావ్?"

ఉపన్యాసం అయ్యేసరికి క్లెమెంట్ చేతిలో గ్లాసు పెట్టారు. గ్లాసు పుచ్చుకున్నాక మేం వాళ్లం కాదనడం మరీ దారుణం. బదులుగా ఆయన్నీ మాట్లాడమని వేదిక ఎక్కించారు. ఏం చెప్పాలో తోచక ఆయన టోల్ లేని రోడ్ల గొప్పతనం గురించి ఇంగ్లీషులో గంభీరంగా మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు డోరీన్ చర్చి గడియారం వైపు చూసింది. రెండు దాటింది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహమాటానికి పోతే ఉన్న ఒక్క చెల్లెలూ పోయేలా ఉంది. మొగుడు మాట్లాడుతుండగానే వేదికెక్కి ఆయన కోటు జేబులోంచి తాళాలు తీసుకుంది. స్కూల్లో నేర్చిన ఫ్రెంచిలో, ఆంజేకి దగ్గర దారి ఏదని మేయరుని అడిగింది.

"మోటార్‌వే, మదాం. ఇంకేముంది?" అన్నాడాయన.

డోరీన్ వెళ్లి బండి స్టార్టు చేసింది. ఇంజను చప్పుడు వినగానే ఇంగ్లీషు వాళ్లందరూ గ్లాసులు దించి, థాంక్స్ చెప్పి, వచ్చిన వరసలోనే బండ్లెక్కారు. క్లెమెంట్ పరిగెత్తుకొచ్చి ఎడమవైపు సీట్లో పడ్డాడు.

"డోరీన్, ఆ బోర్డు చూశావా? అది టోల్ రోడ్డు!"

"చూశాను."

"వెనక్కి తిప్పు!"

"ఇంకొక్క మాట మాట్లాడావంటే ఇక్కడే దింపేస్తా. నడుచుకుంటూ రా. నడిచేవాళ్లకి టోల్ లేదు."

ఇంగ్లీషు బండిలో స్టీరింగు కుడివైపు, ఫ్రెంచి గేటులో మిషను ఎడమవైపు. అంటే డోరీన్ చెయ్యి అందదు. కట్టాల్సింది క్లెమెంటే. ఆయన కిటికీలోంచి కార్డు పెట్టాడు. మిషను వెనక్కి కక్కింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ కక్కింది. అటూ ఇటూ గేట్లన్నీ ఖాళీగానే ఉన్నా, మిగతా ఎనిమిది బండ్లూ ఆయన వెనకే ఓపిగ్గా నిలబడ్డాయి. వాటి వెనక ఫ్రెంచివాళ్లు హారన్లు కొడుతున్నారు. హెరాల్డ్ దిగి నడిచొచ్చాడు.

"ఏమయ్యా, టోల్ లేని దారన్నావు?"

"అది నా దారి. ఇది మా ఆవిడ దారి."

"కార్డు తిరగేసి పెట్టు," అన్నాడు హెరాల్డ్.

గేటు లేచింది. క్లెమెంట్ కళ్లు మూసుకున్నాడు.

పెళ్లి జరిగే టౌన్‌హాల్లో పెళ్లికొడుకు వైపు కుర్చీలన్నీ చుట్టాలతో నిండిపోయాయి. పెళ్లికూతురు వైపు ఒక్కరూ లేరు. ఖాళీ కుర్చీల పక్కన మేవిస్ గుమ్మంకేసి చూస్తూ నిలబడి ఉంది. రిజిస్టరు తెరుస్తుండగా డోరీన్ ఆయాసపడుతూ లోపలికి పరిగెత్తింది. ఆమె వెనక క్లెమెంట్, ఆయన వెనక హెరాల్డ్, ఆ వెనక నిక్కర్లలో, చెప్పుల్లో మిగతావాళ్లంతా వరసగా వచ్చి, వరసగా ఖాళీ కుర్చీల్లో కూర్చున్నారు. దేనికని ఎవరూ అడగలేదు.

మేవిస్ మొహం చేతుల్లో దాచుకుంది. "అక్కా, నువ్వొక్కదానివైనా వస్తావో రావోనని హడలి చచ్చా. ఇంతమందిని వెంటేసుకొచ్చావా? నాకెవరూ లేరని వీళ్లు అనుకోకూడదనా?"

డోరీన్ వెనక్కి తిరిగి ఆ ముక్కూమొహం తెలియని జనాన్ని చూసింది. వాళ్లు మర్యాదగా నవ్వారు. "నీకెవరూ లేకపోవడమేమిటే పిచ్చిదానా," అని చెల్లెల్ని కావలించుకుని భోరుమంది.

"బావా, ఇదంతా నీ ఏర్పాటేనా?" అంది మేవిస్ కళ్లు తుడుచుకుంటూ.

"అబ్బే, పెద్ద కష్టమేం కాలేదు," అన్నాడు క్లెమెంట్.

డోరీన్ సంతకం పెట్టింది. సాయంత్రం తోటలో పొడుగాటి బల్లలు వేసి విందు పెట్టారు. హెరాల్డ్ బాతు మాంసం రెండుసార్లు వడ్డించుకుని, మూతి తుడుచుకుని, క్లెమెంట్ వైపు వంగాడు.

"పెళ్లి బాగుందయ్యా. ఎవరిది?"