గోడ మీద నీళ్లు

కరువు సీమకు కావాల్సింది వానలు కాదు, కొత్త కళ! నవ్వకండి. వానను నమ్ముకున్న వేరుశనగ మాడిపోయింది. కళను నమ్ముకున్న దీనమ్మను చూడటానికి మాత్రం పందొమ్మిది వందల అరవై అయిదు వేసవిలో కళ్యాణదుర్గమంతా కదిలింది!

దీనమ్మ కంబదూరు యేసన్న కూతురు. మద్రాసులో బొమ్మలు నేర్చుకొచ్చి, బడిలో డ్రాయింగ్ టీచరయింది. కొన్నాళ్లకు కుంచె మీద మోజు తీరిపోయింది. మాటా, ఒళ్లూ ఉంటే చాలు, కళ అదే పుడుతుందంది. కళాసమితి ప్రదర్శనలో గోడ మీద బొగ్గుతో ‘నీళ్లు’ అని రాసింది. ఆ పక్కనే సమితివారి మంచినీళ్ల బాన. దానికి బారెడు దూరంలో నడుము వంచి, దోసిలి నోటికానించి నిలబడింది. అంతే!

ఇంత చవకైన కళ ఇంకెక్కడుంది? రంగులక్కర్లేదు, రిహార్సలక్కర్లేదు. ఎవరైనా పోస్తారేమోనని ఊరబావి దగ్గర వాళ్లమ్మ, వాళ్లవ్వ అలాగే నిలబడ్డారు. చేద ముట్టుకోకూడని ఇంట పుడితే ఆ భంగిమ ఉగ్గుపాలతోనే వస్తుంది.

"ఆ వంపులో ఎంత ఫిలాసఫీ!" అన్నారొక పెద్ద ఆఫీసరు. అధ్యక్షుడు రామదాసుగారు సోడా తాగుతూ కళ్లు తుడుచుకున్నారు. దీనమ్మకు ఒక్కటే ధ్యాస. ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరైనా "నువ్వే ముంచుకో తల్లీ" అంటారా? మధ్యాహ్నం దాటింది, నాలుక పిడచకట్టుకుపోయింది. కళకు అడ్డుపడటం మర్యాద కాదని ఎవరూ కదల్లేదు.

చివరికి రామదాసుగారి తల్లి సుబ్బలక్ష్మమ్మ లేచింది. "బిడ్డ దప్పికతో అల్లాడతాంటే చూస్తా నిలబడినారేమప్పా?" అంటూ చెంబు ముంచి, చేతులు తగలకుండా పైనుంచి ధారగా పోయబోయింది. ఎంత సహజ నటన! హాలంతా చప్పట్లు.

దీనమ్మ దోసిలి దించేసింది. "నాకూ చేతులుండాయి అవ్వా, నేనే ముంచుకుంటా" అని చెంబు అందుకుని, బానలో ముంచి గటగటా తాగింది.

చప్పట్లు టక్కున ఆగిపోయాయి. "ఏమప్పా పుల్లన్నా, చూస్తావేమి? బాన కుమ్మరించి వేరే నీళ్లు తెప్పియ్యి!" అన్నారు రామదాసుగారు సమితి నౌకరుతో. మైళ్ల దూరం నుంచి బండి మీద తెచ్చిన నీళ్లు వాకిట్లో మన్ను తాగేసింది.

ఆ ప్రదర్శనలో బాన వంపిన భంగిమే గొప్పదని నా తీర్పు. అది నేర్చుకోవడానికి ఎవరూ మద్రాసు పోనక్కర్లేదు!

గోడ మీది నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అవి ఎవరైనా తాగొచ్చు.