వీధిలో బీరువా

శుక్రవారం పొద్దున ఆత్మారాం వేసుకున్న ప్రణాళిక నిజానికి చాలా చిన్నది. తలస్నానం చేయాలి, కంప్యూటర్ పెట్టాలి, పదకొండు గంటలకు పసిపిల్లను తొట్టెలలో వేస్తుంటే మస్కట్‌లో ఉన్న బావ భోజన్నకు చూపించాలి. అంతే. ఇందులో తప్పిపోవడానికి ఏముందని అనుకున్నాడు. పాపం, మనస్ఫూర్తిగానే అనుకున్నాడు.

భోజన్న ఆత్మారాం చెల్లెలు శ్యామలకు భర్త. వర్ని దగ్గరున్న కాస్త మడిని అన్న భూమన్నకు అప్పజెప్పి సెంట్రింగ్ పనికి మస్కట్ వెళ్లాడు. వెళ్లేనాటికి శ్యామలకు నాలుగో నెల. పురిటికి బోధన్‌లో అన్న ఇంటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది, ఇవాళ తొట్టెల. ఫోటోలు పంపుతామంటే భోజన్న ఒప్పుకోలేదు. "ఫోటోల పిల్ల మెదుల్తదా బావా? నా బిడ్డ కాళ్లు ఆడిచ్చుడు సూడాలె. శుక్రారం మాకు సెలవు. క్యాంపు పక్కన ఇంటర్నెట్ దుకాన్ల గంట సేపు సీటు దొరికింది. గా గంట నాకు సూపియ్యి, సాలు" అన్నాడు.  "చూపిస్త బావా, నీకెందుకు ఫికర్" అని ఆత్మారాం మాటిచ్చేశాడు. మాటిచ్చేటప్పుడు ఆ దిక్కుమాలిన అడాప్టర్ సంగతి గుర్తుకు రాలేదు.

అడాప్టర్ అంటే వేలెడంత ప్లాస్టిక్ ముక్క. కంప్యూటర్‌కు గుచ్చితే వైరు లేకుండా గాలిలోంచి ఇంటర్నెట్ అందుకుంటుంది. ఆ గాలిలోకి ఇంటర్నెట్ వదిలేది మేడ మీద ఉండే ఇంటి ఓనరు లింబయ్య గారి మోడెం. లింబయ్య చక్కెర ఫ్యాక్టరీ స్టోర్‌లో ఉద్యోగమంతా తాళాలు వేస్తూ తీస్తూ గడిపి రిటైరైన మనిషి. ఆ అలవాటు ఇంకా పోలేదు. నీళ్ల మోటారు స్విచ్చికీ తాళమే, కరివేపాకు చెట్టున్న పెరటి గేటుకూ తాళమే. మనసుకు మాత్రం ఏ తాళమూ లేదు. "స్లాబుకు బెజ్జం కొట్టి వైరు దింపుతనంటే ఒప్పుకోను ఆత్మారాం. గాలిల వచ్చేదైతే ఎంతన్న తీసుకో, నా సొమ్మేం పోతది" అని పాస్‌వర్డ్ చెప్పేశాడు.

ఆత్మారాం సంబరంగా నిజామాబాద్ పోయి అడాప్టర్ కొనుక్కొచ్చాడు. అప్పటినుంచి మనశ్శాంతి లేదు. సాయంత్రమైతే తెర మూలన సిగ్నల్ గీతలు ఐదుకు ఐదూ నిలబడేవి. పొద్దున పెడితే ఒక్కటి కూడా కనపడేది కాదు. రెండుసార్లు బస్సెక్కి పోయి దుకాణదారుతో గొడవ పెట్టుకున్నాడు. దుకాణంలో గుచ్చితే అది ఏమీ ఎరగనట్టు ఐదు గీతలూ చూపించింది. "గిది మంచిగనే ఉన్నది సార్, మీ ఇల్లే మంచిగ లేదు. అడ్డం ఇనుప సామాన్ ఏమన్న ఉన్నదా చూసుకోండ్రి" అన్నాడు దుకాణదారు. ఎరువుల దుకాణంలో గుమాస్తాగా ఎందరో రైతుల చేత తిట్లు తిన్న ఆత్మారాం ఆ రోజు వాటిలో ఒక్కటీ వాడకుండా తిరుగు బస్సెక్కాడు.

"సెకండ్ షిఫ్టు కార్మికుని లెక్క పొద్దుమీకినంకనే డ్యూటీ ఎక్కుతది గది. పొద్దుగాల లేవదు" అంది భార్య రుక్మాబాయి.

ఆమె అన్నట్టే అయింది. శుక్రవారం పొద్దున కంప్యూటర్ పెడితే గీతలు సున్నా. అడాప్టర్ పీకి మళ్లీ గుచ్చాడు. ఊదాడు, తుడిచాడు, పొడుగు వైరు తగిలించి కిటికీకి కట్టాడు. తల్లి వెంకటవ్వ చూసి చూసి దానికో కుంకుమ బొట్టు పెట్టింది. సున్నా సున్నాలాగే ఉంది. పసిపిల్లను ఒళ్లో పెట్టుకున్న శ్యామల గడియారం వైపే చూస్తోంది. ఆ చూపు ఆత్మారాంను కోసేసింది. అప్పుడే కంప్యూటర్ పక్కన నిటారుగా నిలబడి ఉన్న ఇనుప బీరువా అతని కంటపడింది.

"దొరికింది దొంగ! సిగ్నల్‌ను మింగుతున్నది గిదే. పట్టు రుక్మా, బయటికి జరుపుదాం."

"నా పెండ్లి బీరువాను దొంగ అంటవా? ఇరవై ఏండ్లసంది నీ చొక్కాలు మోస్తున్నది గది!"

"మొయ్యనియ్యి. ఇయ్యాల ఒక్క గంట బయట నిలబడి మొయ్యనియ్యి."

మొగుడూ పెళ్లామూ చెమటలు కక్కుతూ బీరువాను గడప దాటించారు. వాకిట్లో పెడదామంటే అక్కడ చుట్టాలు కూర్చోవాలి. అందుకని మెట్లు దింపి వీధి వారన నిలబెట్టారు. దాని కాళ్లు నేలకు ఆనాయో లేదో, లోపలినుంచి శ్యామల కేక వేసింది. "అన్నా! వచ్చినయి! ఐదు గీతలు!"

ఆత్మారాంకు ఆనందం ఆగలేదు. బీరువాను తీస్తే ఐదు గీతలు వచ్చాయంటే, ఇంట్లో ఇంకే ఇనుమూ మిగలకుండా చేస్తే ఇక తిరుగే ఉండదు కదా అనుకున్నాడు. ఇనుప మంచం వీధిలోకి వచ్చింది. బియ్యం డ్రమ్ము వచ్చింది. ఆఖరికి వెంకటవ్వ ట్రంకుపెట్టె కూడా, ఆమె తిడుతూ ఉండగానే, వచ్చి బీరువా పక్కన కూర్చుంది.

ఎదురింటి గడప మీద హన్మవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు ఆకు మీద, కళ్లు వీధి మీద. బీరువా రావడం చూసింది, మంచం రావడం చూసింది. "అయ్యో, తొట్టెల పూట ఇల్లు ఖాళీ చేస్తుండ్రా!" అని బుగ్గలు నొక్కుకుంది. కిరాయి ఇల్లు వెతుక్కుంటూ వారం నుంచి ఆ వాడలో తిరుగుతున్న ఒక బడిపంతులూ అతని భార్యా సరిగ్గా అప్పుడే కనపడ్డారు. హన్మవ్వ మంచి మనసుతోనే పిలిచింది. "గా ఇల్లు ఖాళీ అయితున్నది, జల్ది పోయి సూస్కోండ్రి."

అంతలో పైనుంచి లింబయ్య దిగుతున్నాడు. ఇస్త్రీ పంచె, భుజాన కండువా, చేతిలో చిన్న డబ్బా. హన్మవ్వ అతన్నీ వదల్లేదు. "ఏం కాకా, కిరాయిదారు పోతుంటే నవ్వుకుంట వస్తున్నవు?" లింబయ్య వీధిలోకి చూశాడు. బీరువా, మంచం, డ్రమ్ము, ట్రంకుపెట్టె. మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఒక్క మాట చెప్పలే నాకు. ఒక్క మాట" అని మాత్రం అన్నాడు. డబ్బా అలాగే పట్టుకుని వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

లోపల పంతులు దంపతులు అడుగుపెట్టారు. వర్ని నుంచి భోజన్న తరఫు దూరపు చుట్టాలెవరో ముందుగా వచ్చారనుకుని రుక్మాబాయి కాళ్లకు నీళ్లిచ్చి, చెరో గిన్నెడు పాయసం చేతిలో పెట్టింది. ఈ వాడలో మర్యాదలు ఇలా ఉంటాయి కాబోలు అనుకుని వాళ్లు తాగేశారు.

"నీళ్లు దినాం వస్తయా?" అని అడిగింది పంతులు భార్య.

"వస్తయమ్మా."

"బాత్రూం చూడొచ్చా? వంటింట్ల పొగ పోతదా?"

రుక్మాబాయి అత్త చెవిలో గుసగుసలాడింది. "మీ వియ్యాలోళ్లు గింత నఖరాల వాళ్లని నాకెవ్వరు చెప్పలే." వెంకటవ్వ మూతి ముడుచుకుని ఇంకో గిన్నె పాయసం పోసింది.

పదకొండైంది. తెర మీద భోజన్న ప్రత్యక్షమయ్యాడు. కొత్త చొక్కా, నూనె రాసి దువ్విన తల, వెనక వర్ని వైపు కుర్రాళ్లే నలుగురు. ఇల్లంతా ఒక్కసారి గొల్లుమంది. కెమెరా గుమ్మం వైపు తిరిగి ఉండడంతో భోజన్నకు మొదట బిడ్డ కనపడలేదు, వీధి కనపడింది. "బావా! మీ బీరువా బజాట్ల ఎందుకున్నది? మంచం గూడ... బావా, మిమ్ముల ఇంట్లకెల్లి ఎళ్లగొ..." అంటూ నోరు తెరిచాడు. ఆ నోరు అలాగే ఉండిపోయింది. మాట ఆగింది, బొమ్మ ఆగింది. గీతలు సున్నా.

శ్యామల పిల్లను ఎత్తి తెర ముందు పట్టుకుంది. తెర మీది మొహం మెదల్లేదు. "చూడు, గీయనే మీ బాపు" అని పిల్లకు చెప్పబోయింది, సగంలోనే కళ్లనిండా నీళ్లు వచ్చేశాయి. వెంకటవ్వకు ఏం చేయాలో తోచక, అల్లుడు మళ్లీ మాయమవుతాడేమోనన్న భయంతో, తెరిచిన నోటితో ఉన్న ఆ మొహానికే హారతి ఇచ్చేసింది. పంతులు దంపతులు కూడా మర్యాదకు కళ్లకద్దుకున్నారు.

ఆత్మారాం పిచ్చివాడిలా అడాప్టర్‌ను, దాని పొడుగు వైరును లాక్కుంటూ వీధిలోకి పరుగెత్తాడు. ఎత్తుకు పోతే అందుతుందేమోనని బీరువా మీదికెక్కి, మేడ వైపు చేయి చాచి నిలబడ్డాడు. "వచ్చిందా?" అని అరుస్తాడు. "రాలే!" అని లోపలినుంచి రుక్మాబాయి. "ఇప్పుడు?" "రాలే!" వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఇల్లు పోయిన బాధకు మతి చెడిందని హన్మవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అప్పుడు సందు మలుపులో ట్రాక్టర్ దడదడమంది. తొట్టెలకు బయలుదేరిన భూమన్న, ఇద్దరు మనుషులు. బొమ్మ ఆగిపోగానే భోజన్న మస్కట్ నుంచి అన్నకు ఫోన్ చేశాడు, దారిలోనే అందింది. భూమన్న దిగుతూనే బీరువా మీదున్న ఆత్మారాంను చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"దిగు బావా దిగు. మా తమ్ముడు అంత చెప్పిండు. ఓనరు ఎల్లగొడితే మేం సచ్చినమా? మా ఇల్లు లేదా? ఎత్తుండ్రిరా సామాన్!"

ఆత్మారాం "ఆగుండ్రి, అది కాదు" అనేలోపు మంచమూ డ్రమ్మూ ట్రాలీ ఎక్కాయి. ఆ చప్పుడుకు లింబయ్య మేడ మీదినుంచి తొంగిచూశాడు. ట్రాక్టర్ కూడా మాట్లాడుకున్నాడన్నమాట! ఇక ఆగలేక మెట్లు దిగి వచ్చేశాడు.

"ఇంటి తాళంచెవులు ఇచ్చి పో ఆత్మారాం. నేనేం తక్కువ చేసిన నీకు? కిరాయి పెంచిన్నా? కన్నబిడ్డ లెక్క చూసుకున్న గదా! చెప్పి పోతే నేనేమన్న ఆపుదునా?" పెద్దాయన చేయి చాచాడు.

"పోవుడేంది కాకా? మీరే ఎళ్లగొట్టిండ్రని ఈయన అంటుండు!"

"నేనెళ్లగొట్టిన్నా?"

అంతలో పంతులు గుమ్మంలోంచి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "సార్, ఇల్లు మాకు నచ్చింది. వీళ్లు ఎప్పుడు ఖాళీ చేస్తరు?"

వెనకే వచ్చిన రుక్మాబాయి నిర్ఘాంతపోయింది. "మీరు భోజన్న తరఫోళ్లు కారా? రెండు గిన్నెలు తాగిండ్రు గద!"

 దాంతో అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ గోలలోంచి ఆత్మారాం మాట ఒక్కటి ఎలాగో లింబయ్య చెవిన పడింది. అతను బీరువా దిగి వచ్చి పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "కాకా, నేనెక్కడికీ పోతలేను. సిగ్నల్ కోసం ఇనుము బయట పెట్టిన, గంతే. మా బావ బిడ్డను పుట్టినకాంచి చూడలే. గంటే టైం ఉన్నది, అండ్ల సగం పోయింది. మీకు కోపమొచ్చి మోడెం బంద్ చేసినట్టున్నరు, జెర్ర మళ్ల చాలు చెయ్యుండ్రి, మీకు దండం పెడత."

"మోడెం నేను ముట్టనే లేదు గదరా! కడియాలు బీరువాల పెట్టి తాళమేసిన, గంతే."

"ఏ కడియాలు?"

"బిడ్డకు. వెండియి. పొద్దుగాల బీరువ తీసి పట్టుకొని దిగుతుంటే హన్మవ్వ గిట్ల చెప్పింది. మనసు ఖరాబై జెర్రసేపు గట్లనే కూసొని, మళ్ల లోపల పెట్టి గట్టిగ తాళమేసిన."

ఆత్మారాంకు ఎక్కడో ఏదో తట్టింది.  "కాకా... మోడెం ఎక్కడుంటది?"

"ఎక్కడుంటది? బీరువాలనే. గంత ఖరీదైన వస్తువు బయట పెడతరా ఎవరన్న? వెనక బెజ్జం చేయించి వైరు పంపిన. సాయంత్రం నేను చూసుకునేటప్పుడు తలుపులు తీస్త, అయిపోయినంక తాళమేస్త" అన్నాడు లింబయ్య, స్టోర్‌కీపర్ గర్వంతో.

ఆయన్ని ఏమన్నా అనేంత టైం లేదు. ఆత్మారాం పెద్దాయనను ఇంచుమించు ఎత్తుకుని మెట్లెక్కించాడు. మొలకున్న గుత్తిలో తాళంచెవి దొరకడానికి ఒక యుగం పట్టింది. తలుపులు తెరుచుకున్నాయి. నాఫ్తలీన్ ఉండల వాసన మధ్య, పట్టుచీరల మడతల పక్కన, మోడెం పచ్చగా మినుకుమంటోంది. కింది నుంచి రుక్మాబాయి కేక మేడ ఎక్కింది. "ఐదు గీతలు! జల్ది రాండ్రి!"

భోజన్న నోరు మూసుకుని మళ్లీ తెరిచాడు. ఈసారి శ్యామల ఆలస్యం చేయలేదు, పిల్లను తొట్టెలలో వేసి కెమెరా తన చేతులతో పట్టుకుని చూపించింది. లింబయ్య వంగి పిల్ల కాళ్లకు కడియాలు తొడిగాడు. చల్లటి వెండి తగలగానే పిల్ల కుడికాలు గట్టిగా తన్నింది. "మెదిల్చింది! బావా, కాలు మెదిల్చింది!" అని మస్కట్‌లో భోజన్న అరిచాడు. అరిచి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. వెనకున్న కుర్రాళ్లు అతని భుజాల మీద చేతులు వేశారు. ఇక్కడ హన్మవ్వ అందరికంటే గట్టిగా ఏడ్చింది. మిగిలిన సమయమంతా అదే పని. భోజన్న చూశాడు, పిల్ల కాళ్లు ఆడించింది.

తర్వాత భూమన్న మనుషులు సామానంతా తిరిగి లోపలికి మోశారు. పంతులు దంపతులకు భోజనం కూడా పెట్టి పంపించారు. ఆ వారంలోనే ఆత్మారాం నిజామాబాద్ పోయి దుకాణదారు చేతిలో మిఠాయి డబ్బా పెట్టి, ఎందుకో చెప్పకుండా వచ్చేశాడు.

ఇక ప్రతి శుక్రవారమూ బిడ్డను చూపించాలి కనుక, లింబయ్య తన బీరువా తలుపులు రాత్రింబవళ్లు బార్లా తెరిచే ఉంచుతానని మాటిచ్చాడు. కానీ తెరిచిన బీరువాలో పట్టుచీరలూ వెండీ ఎలా ఉంచడం? అందుకని అవన్నీ కిందికి తెచ్చి ఆత్మారాం బీరువాలో సర్ది, తాళం వేసి, తాళంచెవి తన మొలగుత్తికి చేర్చుకున్నాడు. ఇప్పుడు ఆత్మారాం రోజూ పొద్దున ఐదు గీతల సిగ్నల్ ముందు బనీనుతో కూర్చుని, చొక్కా కోసం పైనుంచి తాళంచెవి దిగడానికి ఎదురుచూస్తుంటాడు.