తయారుకాని విమానమే ఉత్తమ విమానం

అయ్యలారా, అమ్మలారా! లోకంలో అన్నిటికన్నా గొప్ప విమానం ఏది? ఫ్యాక్టరీలో తయారుకాని విమానం! ఇది మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ రేవు సూరిబాబు సిద్ధాంతం. నేను దీన్ని శిరసావహిస్తున్నాను.

డెబ్భై ఏళ్లు దాటింది, కెనడాలో ఒక జెట్ ప్రయాణికుల విమానం పుట్టింది. నమూనా ఒక్కటే ఎగిరింది, అంతటితో తయారీ ఆపేశారు. తర్వాత దాన్నీ విరిచేశారు, ముక్కు మాత్రం మ్యూజియంలో మిగిలింది. ఇన్నేళ్లలో అది ఒక్కసారైనా లేటయిందా? ఎవరి సూట్‌కేసైనా పోగొట్టిందా? కిటికీ సీటుకు వేరే డబ్బులడిగిందా? వెనక సీటు పిల్లాడు ఎవరి నడుమైనా తన్నాడా? పాపం, ఎంత మర్యాదస్తురాలు!

సూరిబాబు రేవులో క్రేన్ నడిపి రిటైరైనవాడు. మేడంత ఎత్తున కూర్చుని కంటైనర్లు ఎత్తినవాడికి విమానమంటే భయమా? ఛ! క్రేన్‌కు కాళ్లు నేలమీద ఉంటాయి, అంతే తేడా.

ఇబ్బందల్లా, కూతురు భారతి కూచింగ్‌లో ప్రసవించింది. మధ్యలో సముద్రం. ఆదివారం బారసాల. తొలి మనవరాలు. భార్య కూర్మమ్మ టికెట్ మాట ఎత్తినప్పుడల్లా ఆయన కెనడా విమానం ఎక్కేసేవాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె కంచంలో ఒక్క ముద్ద అన్నం, చేపల పులుసులోంచి ఒక్క ముక్క పెట్టింది. ఆయన లొట్టలేసుకుంటూ తిని, మిగతాది ఏదన్నాడు.

"నమూనా బాగుందా?"

"బాగుంది."

"మరింకేటి? తయారీ ఆపీసినాను."

పులుసంతా డబ్బాలోకెక్కి, డబ్బా సంచిలోకెక్కింది. రెండు టికెట్లు ముందే కొన్నాననీ, ఇష్టమైతే రమ్మనీ చెప్పి ఆమె చెప్పులేసుకుంది. సూరిబాబు పులుసు వెనకాలే నడిచాడు.

విమానం రెండు గంటలు లేటు. కిటికీ సీటుకు డబ్బులు గుంజారు. వెనక పిల్లాడు నడుం విరగదన్నాడు. సిద్ధాంతం అక్షరాలా నిజమైంది! కానీ విమానం నేల వదులుతుంటే మహానుభావుడు మెల్లగా అసలు సంగతి కక్కేశాడు.

"బయమేస్తంది, కూర్మీ."

"నాకూ ఏస్తంది. సెయ్యి పట్టుకో."

కూచింగ్‌లో ఒళ్లో మనవరాలితోనే ఆయన మూడుసార్లు అన్నం వడ్డించుకున్నాడు. కెనడా ఊసెత్తలేదు. తిరుగు ప్రయాణం మాట వస్తే మాత్రం, ఓడంత గొప్ప వాహనం లేదంటున్నాడు.